ఎదురొచ్చే నెత్తురు ఎరుపు

మా ఇంట్లో ఇంగ్లిషు చదవడం వచ్చింది నాకొక్కదానికే. అందుకే స్కాన్ కాగితం ముందు నా చేతికి వచ్చింది. కోరుట్లలో ఆస్పత్రి ఎదురుగా ఉన్న మందుల దుకాణం అరుగు మీద కూర్చుని చదివాను. పక్కనే మా తమ్ముడి భార్య గోడకు ఆనుకుని నిలబడి సోడా తాగుతోంది. ఆమెకు ఎనిమిదో నెల నడుస్తోందని అందరం అనుకుంటున్నాం. కాగితంలో తల కొలత, పొట్ట కొలత, తొడ ఎముక కొలత వరుసగా ఉన్నాయి. వాటి కింద బిడ్డ వయసు రాసి ఉంది. ఇరవై ఎనిమిది వారాల నాలుగు రోజులు.

మా తమ్ముడు మస్కట్ విమానం ఎక్కి ఆ రోజుకు సరిగ్గా ముప్పై వారాలు.

ఈ లెక్క నేను వేలు మడిచి చేసింది కాదు. వాడు వెళ్లింది గురువారం. ప్రతి గురువారం పొద్దున అమ్మ పొయ్యి ముట్టిస్తూ "పోరడు పోయి ఇయ్యాల్టికి గిన్ని వారాలాయె" అని పైకే అనుకునేది. ఆ రోజు పొద్దున కూడా అంది. ముప్పై అంది. మేం ఆస్పత్రికి వెళ్లింది కూడా గురువారమే.

కాగితం నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకున్నాను.

"ఏమున్నది వదినా? మంచిగనే ఉన్నదా?" అని మరదలు అడిగింది.

"మంచిగనే ఉన్నది" అన్నాను.

లోపల డాక్టరమ్మ మా ఇద్దరికీ చెప్పిన మాట వేరు. "బిడ్డ సన్నగున్నది. జగిత్యాల పోయి కలర్ డాప్లర్ చేయించుకొని రాండ్రి. రెండు రోజులు దాటనియ్యకుండ్రి" అని చీటీ రాసిచ్చింది. ఆ చీటీ కూడా నా సంచిలోనే ఉంది. ఇంటికి నడుస్తున్నంతసేపూ నేను దాని గురించి ఆలోచించలేదు. ఆ రెండు అంకెల గురించే ఆలోచించాను.

నా అనుమానానికి ఒక పూర్వకథ ఉంది. అది చెప్పకపోతే నేను వట్టి దుర్మార్గురాలిగా కనబడతాను. చెప్పినా కొంత కనబడతాను. నా పెళ్లయిన మూడో ఏడు నా భర్త దుబాయ్ వెళ్లాడు. మొదట్లో రోజూ ఫోన్ చేసేవాడు, తర్వాత వారానికోసారి. ఒకసారి మాట్లాడుతుంటే అతని వెనక పసిపిల్ల ఏడుపు వినబడింది. టీవీ అన్నాడు. ఇంకోసారి వినబడింది. పక్క రూములో వాళ్లదన్నాడు. పదిమంది మగవాళ్లు ఉండే క్యాంపులో పక్క రూములో పసిపిల్ల ఎక్కడిది అని నేను అడగలేదు. రెండేళ్లు అడగలేదు. అడిగిన రోజు అతను ఫోన్ పెట్టేశాడు, మళ్లీ చేయలేదు. అప్పటినుంచి కోరుట్లలో అమ్మ దగ్గరే ఉంటూ ఒక చిన్న ప్రైవేటు బడిలో లెక్కలు, సైన్సు చెబుతున్నాను. మనుషులు చెప్పేది కాకుండా వాళ్ల వెనక వినబడేది వినడం అలవాటైపోయింది. ముందే అనుమానించి ఉంటే మోసపోయేదాన్ని కాదని గట్టిగా నమ్మాను.

మరదలిది సిరిసిల్ల. తండ్రి సాంచాల మీద పనిచేసేవాడు. మగ్గాలకు కరెంటు పెట్టి నడిపే వాటిని అక్కడ సాంచాలంటారు. మనిషి నెమ్మదస్తురాలు. బీడీలు వేగంగా చుడుతుంది. చాట ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుంటే మధ్యాహ్నం దాకా లేవదు. కడుపు పెరిగిన కొద్దీ చాట మోకాళ్ల మీదికి జరిగింది కానీ చేతి వేగం తగ్గలేదు. ఆమెతో నాకు ఎప్పుడూ తగువు లేదు. ఆమె వచ్చాక అమ్మ మొహం కొంచెం తేటపడింది కూడా.

అయినా ఆ సాయంత్రం నేను ఆమెనే చూస్తూ కూర్చున్నాను. తమ్ముడు వెళ్లిన మూడో రోజే ఆమె సిరిసిల్ల వెళ్లింది. నెల రోజులు ఉంది. నెల తప్పిందన్న కబురు కూడా అక్కడినుంచే వచ్చింది. మొదటి స్కాన్ అక్కడే చేయించారు, ఆ కాగితం మాకెవరూ చూపించలేదు. మేమూ అడగలేదు. అప్పుడు మామూలుగా అనిపించినవన్నీ ఇప్పుడు ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. ఆమె ఫోన్‌లో నవ్వినా అనుమానమే. నవ్వకపోయినా అనుమానమే. వాళ్ల మేనమామ కొడుకు ఒకసారి చీర ఇవ్వడానికి వచ్చి గడపలో నిలబడి వెళ్లిపోయాడు. అతను లోపలికి ఎందుకు రాలేదు అని ఆరు నెలల తర్వాత ఆలోచించాను.

మర్నాడు బడినుంచి తమ్ముడికి ఫోన్ చేశాను.

"తమ్మీ, నువ్వు పోయింది గురువారమే గదా?"

"ఔ. ఎందుకక్కా?"

"ఊకెనే. దవాఖానల అడిగిన్రు."

"నేను పోయిన రోజు వాళ్లకెందుకు?"

వాడు మళ్లీ అడిగాడు. "ఏమన్నరక్కా? ఎన్ని వారాలన్నరు?"

చెప్పకుండా ఉండొచ్చు. లేదా, సైజు తక్కువ ఉంది, జగిత్యాల పొమ్మన్నారు అని మొత్తం చెప్పొచ్చు. నేను అంకె ఒక్కటి చెప్పి ఊరుకున్నాను. అటువైపు ఏసీ హోరు వినబడింది. తర్వాత "సరే అక్కా, డ్యూటీ ఉన్నది" అన్నాడు.

ఆ రోజునుంచి వాడు భార్యకు ఫోన్ చేయడం మానేశాడు.

అంతకుముందు రోజూ మధ్యాహ్నం చేసేవాడు. మరదలు ఆ టైముకు తంబాకు చేతులు కడుక్కుని వచ్చి కూర్చునేది. మొదటి రోజు రాకపోతే నెట్ లేదేమో అనుకుంది. రెండో రోజు ఆమే చేసింది, ఎత్తలేదు. మూడో రోజు ఫోన్ చాట పక్కనే పెట్టుకుని చుడుతూ కూర్చుంది. చూపు ఫోన్ మీదే ఉండటంతో ఆకు వంకరగా కత్తిరించింది. అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. "నీకేమన్న ఫోన్ చేసిండా వదినా?" అని నన్నడిగింది. లేదన్నాను. ఆ మొహం చూసి కూడా నాకు జాలి కలగలేదు. తప్పు చేసినవాళ్లకే ఇంత భయం ఉంటుంది అనుకున్నాను.

జగిత్యాల మాట అమ్మ ఎత్తింది కానీ వేరే రకంగా. "ఒక్క స్కాన్ సాలదా? మల్ల రంగుల స్కాన్ ఏంది? మా కాలంల ఏ రంగులు సూసి కన్నం?" అంది. ఆస్పత్రుల మీద అమ్మకు ఎప్పుడూ నమ్మకం లేదు. నాకు అది అనుకూలంగా ఉంది. నేనూ "సోమవారం తర్వాత చూద్దాం" అన్నాను. ఎందుకంటే ఆదివారం నాకు సిరిసిల్లలో పని ఉంది.

వేములవాడలో మొక్కు ఉందని ఇంట్లో చెప్పి బస్సెక్కాను. దేవుడి గుడి ముందునుంచే వెళ్లాను, దిగలేదు. సిరిసిల్లలో వాళ్ల వాడకట్టుకు వెళ్తే ఏదో తేడాగా అనిపించింది. పెళ్లి మాటలకు వచ్చినప్పుడు ఆ వీధిలో పక్కమనిషితో మాట్లాడాలన్నా అరవాల్సి వచ్చేది, సాంచాల మోత అంత ఉండేది. ఇప్పుడు నా చెప్పుల చప్పుడు నాకే వినబడింది. షెడ్ల తలుపులకు తాళాలు ఉన్నాయి. ఆర్డర్లు లేక మగవాళ్లలో సగం మంది మహారాష్ట్రలోని భీవండి వెళ్లారట. మరదలి తండ్రి కూడా వెళ్లి నాలుగు నెలలైంది. ఇంట్లో తల్లి ఒక్కతే ఉంది. వాకిట్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది.

నన్ను చూసి లేవబోయింది. "అయ్యో బిడ్డా, ఒక్కదానివే అచ్చినవా? అంతా మంచిదేనా?" అంది.

నీళ్లిచ్చింది. కూర్చున్నాను. దారి పొడవునా తయారు చేసుకున్న మాట చెప్పాను. "అత్తమ్మా, మొదట ఈడ స్కాన్ చేయించిన్రు గదా. గా కాయితం ఉన్నదా? కోరుట్ల డాక్టరమ్మ అడుగుతాంది."

ఆమె చేతిలో సగం చుట్టిన బీడీ ఉంది. దాన్ని పూర్తి చేయకుండా చాటలో పెట్టేసింది.

"ఇన్ని నెలలు అడగనిది గిప్పుడెందుకు అడుగుతాంది?"

"లెక్క కోసం."

"ఏం లెక్క?"

నేను తడబడ్డాను. ఆమె నా మొహంలోకి చూస్తూనే ఉంది. మెల్లగా అంది, "నా బిడ్డ రెండు రోజులసంది ఫోన్ల ఏడుస్తాంది. అల్లుడు మాట్లాడుతలేడట. ఎందుకో దానికి ఎరుక లేదు. నాకూ ఎరుక లేకుండె. నువ్వు గిట్ల కాయితమని అచ్చి కూసున్నంక ఎరుకైంది. సాంచాల సప్పుట్ల బతికిన గని నేను శెవిటిదాన్ని గాదు."

"గట్లేం కాదత్తమ్మా..."

"కాయితం ఉన్నది. భద్రంగ ఉన్నది. నీకియ్య."

అంతటితో ఆమె కోపం తీరలేదు. అయినా లోపలికి వెళ్లి కంచంలో అన్నం పెట్టుకొచ్చి నా ముందు పెట్టింది. "తిని పో. మా ఇంటికచ్చి ఉపాసం పోవద్దు" అంది. ఆ అన్నం రెండు ముద్దలు కూడా దిగలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాకు నేను చెప్పుకున్నాను: దాచడానికి ఏమీ లేకపోతే కాగితం ఎందుకివ్వదు? ఆమె కళ్లల్లో నేను చూసింది అవమానం. దాన్ని సాక్ష్యంగా రాసుకున్నాను.

మంగళవారం మరదలు అమ్మతో "కడుపుల కదులుడు తక్కువైంది అత్తమ్మా" అందట. అమ్మ నాకు చెప్పింది. నాకు ఏమనిపించిందో దాచకుండా రాస్తాను. నాటకం అనిపించింది. భర్త ఫోన్ చేయడం లేదని ఇది కొత్త ఎత్తు అనుకున్నాను. సైన్సు చెప్పే మనిషిని నేను, కడుపులో బిడ్డ కదలడం తగ్గితే ఏమిటో తెలియనిదాన్ని కాదు.

బుధవారం పొద్దున ఆమే నా దగ్గరికి వచ్చి నిలబడింది. చేతులు కడుపు మీద ఉన్నాయి. "వదినా, రాత్రినుంచి ఒక్కసారే కదిలింది. నాకు భయమైతాంది. జగిత్యాల పోదాం" అంది. అమ్మ ఆ మాట విని చేతిలో చెంబు కింద పెట్టేసింది. రంగుల స్కాన్ వద్దన్న అమ్మే "నడువుండ్రి, ఇగ ఒక్క నిమిషం ఆగొద్దు" అని చీర మార్చుకోకుండానే బయల్దేరింది. నేను చీటీ కోసం సంచి వెతికాను. ఆరు రోజులుగా అందులోనే ఉంది.

జగిత్యాలలో స్కానింగ్ సెంటర్ మెట్ల మీద మరదలి తల్లి కూర్చుని ఉంది. కూతురు ఫోన్ చేస్తే సిరిసిల్లనుంచి మొదటి బస్సుకే వచ్చేసింది. నాతో మాట్లాడలేదు. కూతురి భుజం పట్టుకుని మెట్లెక్కించింది. లోపల గోడ మీద, ఇక్కడ పుట్టబోయేది ఆడో మగో చెప్పబడదని పెద్ద బోర్డు ఉంది. దాని కింద కూర్చుని మేం నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూడకుండా పిలుపు కోసం ఎదురుచూశాం.

పిలిచాక మరదలి వెంట ఇద్దరు రావచ్చన్నారు. ఆమె తల్లి వెళ్లింది. నేనూ వెళ్లాను. చీటీ నా దగ్గర ఉందన్నది పైకి చెప్పిన కారణం. చెవులారా వినాలన్నది అసలు కారణం.

స్కాన్ చేసే డాక్టరుకు నలభై ఏళ్లుంటాయి. మాటల్లో ఊరి యాస ఉంది. మరదలి కడుపు మీద చల్లటి జెల్లు పూసి, చేతిలోని పరికరాన్ని ఆనించింది. తెర మీద బూడిద రంగు మసక. ఏదో మీట నొక్కగానే ఆ మసకలో ఎర్రటి, నీలపు పోగులు మెలికలు తిరుగుతూ వెలిగాయి.

మరదలు తల తిప్పి చూసి అదిరిపడింది. "నీలం ఎందుకున్నది మేడం? నెత్తురు ఖరాబైందా?"

"ఖరాబ్ కాలేదమ్మా. అది మేం పెట్టిన రంగు. నా చేతిదిక్కు ఎదురొచ్చే నెత్తురు ఎర్రగ సూపెడ్తది, దూరం పోయేది నీలంగ సూపెడ్తది. రెండూ మంచి నెత్తురే" అంది డాక్టరు. పరికరాన్ని కొంచెం వంచింది. ఎరుపు మాయమైంది. ఆ చోట నలుపు మిగిలింది.

"ఆగిపోయిందా మేడం?" అన్నాను.

"లేదు. నా చెయ్యి నెత్తురు పోయే దారికి అడ్డంగ పడ్డది. అడ్డంగ పోయేదాన్ని గీ మిషన్ పట్టలేదు. నెత్తురు పోతనే ఉంటది, మనకే కనబడది." మళ్లీ చెయ్యి వంచింది. పోగులు తిరిగొచ్చాయి.

తర్వాత చప్పుడు పెట్టింది. షుఫ్... షుఫ్... షుఫ్... అని గదినిండా వినబడింది. తెర కింది భాగంలో దానికి తగ్గట్టు కొండల వరుసలా గీత నడుస్తోంది. డాక్టరు మాట్లాడటం మానేసింది. అదే చోట రెండోసారి, మూడోసారి విన్నది. గుండె చప్పుడు బాగానే ఉందని నేను అనుకుంటున్నాను. మరదలి తల్లి మాత్రం తల ఒక పక్కకు వంచి వింటోంది.

"మధ్యల ఆగుతాంది గదా మేడం" అంది ఆమె.

డాక్టరు ఆమె వైపు చూసింది. "నీకెట్ల తెలిసిందమ్మా?"

"ముప్పై ఏండ్లు సాంచాల నడుమ ఉన్న. పొద్దంత దారం కండెలు చుట్టుకుంటనే ఏ సాంచ ఎక్కడ ఆగుతదో చెప్తుంటి. గిది గుంజుతాంది, ఆగుతాంది. గుంజుతాంది, ఆగుతాంది."

"ఔను" అంది డాక్టరు. "ఆగొద్దు. గుండె కొట్టినప్పుడు జోరుగ పోవాలె, మధ్యల మెల్లగనన్న పోవాలె. ఈడ మధ్యల సున్న అయితాంది." మరదలి వైపు తిరిగి అడిగింది, "నీ చివరి నెలసరి ఎప్పుడచ్చిందమ్మా?"

మరదలు నోరు తెరిచేలోపు నా నోట్లోంచి మాట వచ్చేసింది. "మా తమ్ముడు పోయి ముప్పై వారాలు దాటింది మేడం. కోరుట్ల కాయితంల ఇరవై ఎనిమిదే ఉన్నది."

షుఫ్, షుఫ్ అని చప్పుడు మోగుతూనే ఉంది. మరదలు పడుకున్నచోటే తల నా వైపు తిప్పింది. వారం రోజులుగా ఫోన్ ఎందుకు రాలేదో ఆమెకు ఆ క్షణంలో అర్థమైంది. ఆమె ఏడవలేదు. నన్ను అలా చూస్తూనే ఉంది.

మరదలి తల్లి నడుము దగ్గర దోపుకున్న ప్లాస్టిక్ కవరు తీసింది. అందులోంచి కాగితం తీసి, నన్ను దాటుకుని చెయ్యి చాపి డాక్టరుకు ఇచ్చింది. "ఇగో మేడం. మొదటి కాయితం. దీనికియ్య, నీకిస్త అని తెచ్చిన" అంది.

డాక్టరు చప్పుడు ఆపి కాగితం చదివింది. క్యాలెండర్ చూసింది. నిదానంగా నా వైపు తిరిగింది.

"నువ్వేం చేస్తవమ్మా?"

"టీచర్‌ని."

"మరి విను. మొదటి మూడు నెలల్ల తీసిన స్కాన్ వయసు దాదాపు సరిగ్గ చెప్తది. అప్పుడు పిల్లలందరు ఒక్క తీరుగనే పెరుగుతరు. దీని ప్రకారం ఇయ్యాల్టికి ముప్పై మూడు వారాలు దాటినయ్. మేం వారాలు లెక్కపెట్టేది చివరి నెలసరినుంచి. అంటే బిడ్డ పడ్డదానికి రెండు వారాల ముంగటినుంచి. నీ తమ్ముడు ఉన్నప్పుడే పడ్డది బిడ్డ. కోరుట్ల కాయితంల ఉన్నది వయసు కాదు, సైజు. గంత సైజు మామూలుగ ఎన్ని వారాలకు ఉంటదో గది రాస్తరు. గింతే."

తెర మీద కొలతలు చూపించింది. తల వయసుకు దగ్గరగానే ఉంది. పొట్ట మాత్రం చాలా సన్నం. "చిన్న వయసు బిడ్డయితే తల, పొట్ట రెండూ ఒక్క తీరుగ చిన్నగుండాలె. ఈమె బిడ్డకు తిండి అందుతలేదు. ఉన్న కొంచెం నెత్తురును మెదడుకు పంపుకొని పొట్టను ఎండబెట్టుకుంటాంది. బొడ్డుతాడుల సప్పుడు కూడ గదే చెప్తాంది."

ఇంటర్‌లో నేను డాప్లర్ ప్రభావం చదివాను. చప్పుడు చేసేది దగ్గరికొస్తే పౌనఃపున్యం పెరుగుతుంది, దూరం పోతే తగ్గుతుంది అని సూత్రంతో సహా రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ సంగతి ఎందుకో డాక్టరుతో అన్నాను. ఆమె చేయి తుడుచుకుంటూ "గదే ఇది" అంది. "హారన్ కొట్టుకుంట బస్సు మన దిక్కు అస్తుంటే సన్నగ వినబడ్తది, దాటిపోయినంక మోటుగ వినబడ్తది. హారన్ మారలే, బస్సు కదులుతాంది. నేను పంపే సప్పుడు మన చెవికందదు. కదిలే నెత్తురు మీద పడి కొంచెం మారి తిరిగస్తది. పోయినదానికి, అచ్చినదానికి నడుమ తేడా ఎంతో గదే ఇప్పుడు మీరు విన్నది. తేడా లేదంటే కదులుడు లేదని." మరదలి కడుపు మీది జెల్లు తుడుస్తూ, "లేకపోతే నేను సరిగ్గ పట్టలేదని. గందుకే మూడుసార్లు విన్న" అంది.

రిపోర్టు టైపు అయ్యేదాకా కూడా ఆగనివ్వలేదు. చేతిరాతతో రాసిచ్చి అటునుంచి అటే పెద్దాసుపత్రికి పంపింది. అక్కడ మరదలిని చేర్చుకున్నారు. బీపీ ఎక్కువ ఉందన్నారు. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి సూదులు వేశారు. రెండు రోజులు పొద్దున, సాయంత్రం అదే చప్పుడు విన్నారు. మూడో రోజు మధ్యాహ్నం ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. కిలోన్నర కూడా లేదు. ఏడుపు పిచ్చుక అరిచినట్టుంది, కానీ ఏడ్చింది. వెచ్చటి గాజుపెట్టెలో పెట్టారు.

ఆపరేషన్‌కు తీసుకెళ్లే ముందు నేను ఆస్పత్రి వరండాలోంచి తమ్ముడికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. వరుసగా ఐదుసార్లు చేశాను. ఆరోసారి ఎత్తాడు. నేను ఆపకుండా మొత్తం చెప్పాను. మొదటి కాగితం గురించి, పొట్ట కొలత గురించి, నేను సిరిసిల్ల వెళ్లడం గురించి. వాడు వింటూ ఉన్నాడు.

"నేను ఆమెను ఒక్క మాట గూడ అనలేదక్కా" అన్నాడు చివరికి.

"గదేరా. ఒక్క మాట గూడ మాట్లాడలే."

"నువ్వే గదా చెప్పింది."

"నేనే చెప్పిన. తప్పు నాది. గని నువ్వు దానికి ఫోన్ చేసి అడగొచ్చు గదా."

"నువ్వు అడిగినవా?" అన్నాడు.

సెలవు ఇవ్వమని వాడు ఆ రోజే కంపెనీ వాళ్లను బతిమాలాడు. ఇవ్వలేదు. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంది. కూతురిని వాడు మొదటిసారి చూసింది వీడియోలో. నర్సు ఒక్క నిమిషమే చూపించింది.

మా ఆరు రోజుల ఆలస్యం వల్లనో, వాడు ఫోన్ చేయకపోవడం వల్లనో బిడ్డ అలా అయిందా అని నేను డాక్టరును అడిగాను. కడుపులో బిడ్డకు తిండి అందించే మాయ సరిగా పనిచేయకపోవడం ఎప్పుడో మొదలై ఉంటుంది, మీ దుఃఖం వల్ల రాదు అంది. ఆలస్యం మాటకు మాత్రం ఆమె సమాధానం చెప్పలేదు. "ఇంకో రెండు రోజులు ఆగితే?" అని అడగబోయి నేనే ఊరుకున్నాను.

నాలుగో రోజు మరదలు మంచం మీద లేచి కూర్చుంది. ఆమె తల్లి బట్టలు ఉతకడానికి వెళ్లింది. నేను దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. "తప్పైంది" అన్నాను. ఇంకా చాలా అనాలనుకున్నాను, దుబాయ్ ఫోన్ సంగతి కూడా. అనలేకపోయాను.

ఆమె దుప్పటి అంచు సర్దుకుంది. "వారాలు లెక్కపెట్టినవ్. సిరిసిల్లకు పోయినవ్. ఆయనకు ఫోన్ చేసినవ్" అంది. "నేను నీ పక్కన్నే పండుకున్న గదా వదినా. నన్నొక్కదాన్నే అడగలే."

బిడ్డను గాజుపెట్టెలోంచి తీసి ఇచ్చేసరికి మూడు వారాలు దాటింది. మరదలు కోరుట్లకు రాలేదు. బాలింత తల్లిగారింటికి పోవడం ఎవరికీ వింత కాదు కాబట్టి వాడకట్టులో ఎవరూ ఏమీ అడగలేదు. కానీ అయిదో నెల దాటినా, తొమ్మిదో నెల వచ్చినా ఆమె రాలేదు. అమ్మ నన్ను ఏమీ అనకుండా రోజూ ఒక్కసారి ఆమె చాట తీసి దులిపి మళ్లీ గోడకు తగిలించేది. నెలకోసారి సిరిసిల్ల వెళ్లి మనుమరాలిని చూసి వచ్చేది. నన్ను రమ్మనేది కాదు.

ఏడాది తర్వాత తమ్ముడు మస్కట్ వదిలేసి వచ్చేశాడు. మళ్లీ వెళ్లనని రాగానే చెప్పాడు. పెట్టెలు ఇంట్లో పెట్టి, అన్నం కూడా తినకుండా సిరిసిల్ల బయల్దేరాడు. "నువ్వు గూడ రా అక్కా" అన్నాడు. వెళ్లాను. వాడి అత్త మా ఇద్దరికీ నీళ్లిచ్చి వాకిట్లో కూర్చోబెట్టింది. మరదలు లోపలే ఉంది. సాయంత్రం దాకా బయటికి రాలేదు. వాడూ లోపలికి వెళ్లలేదు, లేవలేదు. పొద్దు వాలుతుండగా పాపే గడప పట్టుకుని నిలబడింది. అప్పుడే నడక నేర్చుకుంటోంది. కొత్త మనిషిని చూసి జంకలేదు. రెండడుగులు వేసి వాడి మోకాలి మీద చెయ్యి వేసింది. వెనకనే మరదలు వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"వారం రోజులు నేను ఫోను దిక్కు సూసిన" అంది ఆమె వాడితో. "సచ్చిపోయినవేమో అనుకున్న. నువ్వు బతికుండి మాట్లాడలే."

వాడు తల వంచుకుని ఏడ్చాడు. నేను లేచి వీధిలోకి వచ్చేశాను. రెండు షెడ్లలో సాంచాలు మళ్లీ మొదలైనట్టున్నాయి, దూరంగా మోత వినబడుతోంది. ఆ తర్వాత వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

ఇప్పుడు వాళ్లు జగిత్యాలలో కిరాయికి ఉంటారు. తమ్ముడు ఒక ఇనుప సామాన్ల దుకాణంలో పనిచేస్తాడు. పాప ఐదో తరగతి. ఆటల్లో పెద్ద పిల్లలను కూడా తోసేసే రకం, పుట్టినప్పటి బరువు చెబితే ఎవరూ నమ్మరు. సెలవులకు వస్తే నా దగ్గరే పడుకుంటుంది. మరదలు నన్ను వదినా అనే పిలుస్తుంది, పండక్కి చీర పెడుతుంది, నా ఆరోగ్యం అడుగుతుంది. నా ముందు మాత్రం ఫోన్‌లో మాట్లాడదు. మోగగానే లేచి బయటికి వెళ్లి, గోడ అవతల నిలబడి మాట్లాడుతుంది. ఆమె గొంతు సన్నగా వినబడుతూ ఉంటుంది, మాటలు తెలియవు. నా చెవి ఇప్పటికీ అటే పోతుంది. అప్పుడు లేచి వంటింట్లోకి వెళ్లి, కడగాల్సినవి ఉన్నా లేకపోయినా, గిన్నెలు కడుగుతాను.